వలజెండా

ఆర్యపల్లి నుంచి ఛత్రపురం చేపలు తీసుకెళ్లే లోలాక్షి సైకిలు ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. మోకాళ్ల దాకా ఎగదోపిన చీర, వెనక నీళ్లోడుతున్న చేపల గంప, ఆ గంప కింద నుంచి రోడ్డువైపుకి మూరెడు పొడుచుకొచ్చిన వెదురుబొంగు, దాని కొసన ఎర్రగుడ్డ. సముద్రంలో వల వేసినచోట గుర్తుగా నిలబెట్టే జెండా అది. దాని మీదనుంచి ఏ పడవా పోదు. పోయినేడు ఒక లారీ ఆమెని అంచుకి నెట్టి ఇసకలో పడేసింది. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పటినుంచి లోలాక్షి అంచుకి పోదు. వెనక హారన్లు ఎంత మోగినా తల తిప్పదు, తొక్కే తీరూ మార్చదు.

నిన్న ఒక తెల్లకారు ఆమెని రాసుకుంటూ దూసుకుపోబోయింది. బొంగు తగిలి తలుపు మీద పొడుగునా గీత పడింది. కారాయన దిగి, "రోడ్డు నీ బాబుదేటే?" అని అరిచాడు.

లోలాక్షి ఒక కాలు నేలకానించింది. "మా బాబుది కాదు, నీ బాబుదీ కాదు. సంద్రంలో ఈ జెండా సూస్తే పెద్ద మరబోటోడు కూడా సుట్టు తిరిగి ఎల్తాడు. నీకు కళ్లు నేవేటి?"

ఆయన బొంగు లాగి, విరిచి, తుప్పల్లోకి విసిరేసి వెళ్లిపోయాడు. లోలాక్షి తుప్పల్లోకి దిగి, ఎర్రగుడ్డ విప్పి తెచ్చుకుని బొడ్లో దోపుకుంది.

ఈ పొద్దున కూడా గుడ్డ అదే. బొంగే కొత్తది, నిన్నటిదానికంటే జానెడు పొడుగు.