సూలియెన్ పారేయని పురుగులు

చియాయి ఊళ్లో తాళంచెవులు చేసే సూలియెన్ కొట్టుకి తాళాలు పోగొట్టుకున్నవాళ్లకంటే పెంపుడు బల్లులు చిక్కిపోయినవాళ్లే ఎక్కువ వచ్చేవాళ్లు. కొట్టు వెనక గదిలో ఇరవై రెండు డబ్బాల్లో చిరుతబల్లుల్ని పెంచేదావిడ. పసుపుపచ్చ ఒంటిమీద నల్లచుక్కలు, లావుపాటి తోక. తిన్నదంతా కొవ్వై ఆ తోకలోనే చేరుతుంది. కాబట్టి తోక చూసి రోగం చెప్పేది. వంటింటి త్రాసులో తూచేది, వేళ్ల చివర కుబుసం ఊడకుండా బిగుసుకుందేమోనని భూతద్దంలో చూసేది. వైద్యం మాత్రం ఎప్పుడూ తిట్లతోనే మొదలు.

"ఇసకలో పెట్టావా? అది కాస్తా మింగింది, పొట్ట రాయైంది. నిన్నూ సిమెంటు బస్తాలో కూర్చోబెట్టి అన్నం పెడితే తెలిసొస్తుంది!"

"కాల్షియం పొడి అద్దకుండానే పురుగులు వేస్తున్నావా? ఆ కాళ్లు చూడు, ఎట్లా వంకరపోయాయో! నోరులేనిదని ఇంత అలుసా?"

తిడుతూనే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ దూదితో తుడిచేది. చాలావరకు బతికేవి. దాంతో ఆవిడకీ తనంత వైద్యురాలు లేదన్న ధీమా వచ్చేసింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఇంకొక సంగతి చెప్పాలి. గిన్నెలో ఎన్ని మెతుకులు వదిలితే రేపు మొగుడి ముఖాన అన్ని మచ్చలుంటాయని చిన్నప్పుడు వాళ్లమ్మ బెదిరించేది. సూలియెన్ ఒక్క మెతుకు వదల్లేదు. నున్నటి ముఖం మొగుడే దొరికాడు, మూడేళ్లకి ఇంకో ముఖం వెతుక్కుంటూ పోయాడు. మొగుడు పోయినా అలవాటు పోలేదు. ఒక బల్లి తినకుండా వదిలిన పిండిపురుగుల్ని పటకారుతో ఏరి పక్క డబ్బాలో వేసేది. "నా ఇంట్లో తిండి వృథా కాదు" అని గొప్పగా చెప్పుకునేది కూడా.

ఆ మిగిలిపోయినవన్నీ ముందుగా గుమ్మడి అనే బల్లికే. పద్నాలుగేళ్ల ముసలిది, ఒట్టి తిండిపోతు. మొగుడు వెళ్లిపోయిన ఏడాది కొన్న మొదటి బల్లి. పొద్దున లేస్తే సూలియెన్ మాట్లాడేది దానితోనే, అలిగేదీ దానిమీదే.

ఒకరోజు బడిలో లెక్కలు చెప్పే లియావ్ మాస్టారు తన బల్లిని తెచ్చాడు. తోక పుల్లలా ఉంది.

"పిన్నీ, పశువుల ఆస్పత్రి ఫాంగ్ డాక్టరమ్మ రెట్ట పరీక్షకి పంపమంటోంది. పంపమంటారా?"

"పరీక్ష చేస్తే తోక లావెక్కుతుందా మాస్టారూ? రెట్టలో ముత్యాలుంటాయనుకుందేమో ఆ పిల్ల! నెల్రోజులు నా దగ్గర వదలండి, గుండ్రాయిలా చేసి ఇస్తాను."

కొత్తదాన్ని దూరంగా పెట్టాలని అందరికీ చెప్పే మనిషే కదా, తనూ అట్లాగే పెట్టింది. వేరే గది, వేరే నీళ్లు. ముట్టుకున్నప్పుడల్లా చేతులు కడుక్కుంది. అది పది పురుగులు వేస్తే రెండు తినేది. మిగతా ఎనిమిదీ గుమ్మడి డబ్బాలో పడేవి. గుమ్మడికి విసుగొస్తే ఆ పక్కదానికి, దానికి చాలితే ఆ పైదానికి.

ఇరవై రోజులకి మాస్టారి బల్లి చచ్చిపోయింది. ఇంకో నెల తిరిగేసరికి గుమ్మడి కక్కడం మొదలుపెట్టింది. దాని తోక సన్నబడుతుంటే సూలియెన్ త్రాసుని నమ్మక మూడుసార్లు తూచింది. చివరికి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి, తను ఎగతాళి చేసిన ఫాంగ్ డాక్టరమ్మ దగ్గరికే పోయింది.

రెట్టలో కంటికి కనపడని క్రిములు ఉన్నాయంది డాక్టరమ్మ. నమ్మకమైన మందు లేదు, మామూలు కడుగుళ్లకి చావవు కూడా.

"మాస్టారి బల్లిని వేరుగానే పెట్టానమ్మా! చేతులు కడుక్కునేదాన్ని, ఒట్టు!"

"మరి అది తినకుండా వదిలిన పురుగులేం చేశారు?"

సూలియెన్ టిఫిన్ డబ్బాని దగ్గరికి లాక్కుంది. ఆ పురుగులు రెట్ట మీద పాకి వచ్చినవి. వాటిని తన చేత్తోనే ఏరి, తన గుమ్మడి నోటికే అందించింది.

తర్వాత వరసగా తోకలు సన్నబడ్డాయి. పురుగులు డబ్బా నుంచి డబ్బాకి మారిన వరసలోనే. అసలు సంగతి తెలియని లియావ్ మాస్టారు అనాసపండు కేకుల పెట్టె పట్టుకుని వచ్చాడు.

"నా బల్లి మీ ఇంటికి చావు తెచ్చింది పిన్నీ. డాక్టరమ్మ మాట వినకుండా మీ దగ్గరికి తెచ్చాను. తప్పంతా నాదే."

కాదని చెప్పడానికి నోరు తెరిచింది. "అవును మాస్టారూ" అంది. ఆయన మూడుసార్లు తల వంచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది సూలియెన్. కానీ లేచి వెళ్లి ఆయన్ని వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు గదిలో మిగిలింది గుమ్మడి ఒక్కటే. అన్నిటికంటే ముందు తిన్నది అదే, మొండిగా చివరిదాకా నిలిచిందీ అదే. సాయంత్రం గిన్నెలో ఒక్క పురుగు వేసింది. "తినవే, నా తల్లివి కదూ, ఒక్కటి." గుమ్మడి తల ఎత్తలేదు. కాసేపటికి దాని ఊపిరి ఆగింది.

పురుగు ఇంకా గిన్నెలో కదులుతూనే ఉంది. సూలియెన్ పటకారుతో దాన్ని తీసి పక్క డబ్బా మూత తెరిచింది. డబ్బా ఖాళీగా ఉంది.