నా పేరు మీద పోయిన మెయిల్

జగిత్యాలల ఒక డిగ్రీ కాలేజీల నేను వృక్షశాస్త్రం చెప్త. పుట్టి పెరిగింది సిరిసిల్లల. మా బాపు మరమగ్గం నడిపేటోడు. పోగు తెగితే వెంటనే ముడేసేటోడు కాదు. మగ్గం ఆపి, ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది అని వంగి చూసేటోడు. ఆ బుద్ధి నాకు కూడా అబ్బింది. కానీ ఆ సోమవారం నాడు మాత్రం అది పని చెయ్యలే.

ప్రాక్టికల్స్ నడుస్తున్నయి. ఒక చేతిల ఉల్లిగడ్డ పొర పెట్టిన స్లైడు, ఇంకో చేతిల ఫోను. మీ మెయిల్ బాక్సు నిండింది, సాయంత్రంలోగా లాగిన్ కాకుంటే బందైతది అని ఒక మెయిల్ వచ్చింది. పైన మా కాలేజీ ముద్ర ఉన్నది. నా బాక్సు నిజంగనే నిండింది, పిల్లల రికార్డుల ఫోటోలే కుప్పలు. పాస్‌వర్డు కొట్టిన. ‘ధన్యవాదాలు’ అని వచ్చింది. స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి ఆ సంగతే మర్చిపోయిన.

బుధవారం మధ్యాహ్నం సెకండియర్ అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. రాయికల్ నుంచి వస్తది. క్లాసుల ఎక్కువ మాట్లాడదు.

“మేడం, ఒక మాట అడగాలె. గా స్కాలర్‌షిప్ మెయిల్ మీరే పంపిండ్రా?”

“ఏ మెయిల్?”

“లింకుల ఆధార్ నంబరు, కాలేజీ పాస్‌వర్డు నింపుమని ఉన్నది. కింద మీ పేరే ఉన్నది.”

“నేనేం పంపలే బిడ్డా.”

“నాకు గట్లనే అనిపించింది మేడం. మీరేనా అని మెయిల్ల అడిగిన. జవాబు రాలే. గందుకే ఫోన్ చేసిన.”

అట్లనే కంప్యూటర్ ల్యాబుకు ఉరికిన. ల్యాబ్ చూసుకునేటామె కోరుట్ల నుంచి రోజూ బస్సుల వస్తది. ఇంట్ల ఉర్దూ, మాతోటి నా కంటే తియ్యటి తెలుగు. నన్ను ఒక్క మాట అనలే. “అక్కా, ముందుగాల పాస్‌వర్డు మార్చుదాం. తర్వాత పరేషాన్ అవుదాం” అన్నది. మార్పిచ్చింది. నా అకౌంటు ఎక్కడెక్కడ తెరిచి ఉన్నదో చూపెట్టింది. నా ఫోను, స్టాఫ్‌రూం కంప్యూటరు, ఇంకొకటి. ఆ ఇంకొకటి ఎవరిదో మాకు తెల్వదు. అన్నిట్ల నుంచి ఒక్కసారే బయటికి వచ్చినం.

పని అయిపోయిందనుకొని ఆమె లేవబోయింది. నా మనసు ఊకోలే. “ఆ పిల్ల మెయిల్ రాసిన అన్నది. మరి అదేది?” అని అడిగిన.

ఆమె మళ్ల కూసున్నది. సెట్టింగులు తీసి చాలాసేపు చూసి, “అరె!” అన్నది. స్కాలర్‌షిప్ అనే మాటున్న మెయిల్ ఏదొచ్చినా, నాకు కనపడకుండ నేరుగా చెత్తబుట్టలకు పోవాలని ఎవడో ఒక షరతు పెట్టిండు. చెత్తబుట్ట తెరిస్తే పిల్లల మెయిళ్లన్నీ అండ్లనే ఉన్నయి. ‘మేడం, ఇది మీరేనా?’ ‘లింకు తెరుచుకుంటలేదు మేడం.’ ‘నింపిన మేడం.’

పాస్‌వర్డు మార్చినా గా షరతు అట్లనే ఉండేదట. కోపం వచ్చింది. చెప్పడానికి సిగ్గయితది కానీ, ఆశ్చర్యం కూడా అయింది. పిల్లలు నన్ను అడుగుతరని వాడు ముందే ఆలోచించిండు!

“ఏందక్కా, వాని తెలివికి మురుస్తున్నవా?” అని ఆమె నవ్వింది. తర్వాత సోమవారం నాటి మెయిల్ తీసి, పంపినోని అడ్రసు పెద్దగ చేసి చూపెట్టింది. మా కాలేజీ పేర్ల ఒక అక్షరం ఎక్కువున్నది. అంతే తేడా.

పిల్లలకు చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది అన్నరు స్టాఫ్‌రూంల. తెల్లారి క్లాసుకు పోయి, పాఠం తియ్యకముందే జరిగిందంతా చెప్పిన. నేనే పాస్‌వర్డు ఇచ్చిన అని కూడా చెప్పిన. ఎవరెవరు ఫారం నింపిండ్రో చేతులెత్తుండ్రి అన్న. తర్వాత ఒక చెయ్యి లేచింది, దాని ఎనుక ఇంకో మూడు. నలుగురు ఫారం నింపిండ్రు. అందరినీ ల్యాబుకు తోలుకపోయినం. ముగ్గురి అకౌంట్లు ఆ రోజే సదురుకున్నయి. నాలుగో పిల్ల పరీక్షల వెబ్‌సైటుకు కూడా అదే పాస్‌వర్డు పెట్టుకున్నది. వాడు దాన్ని మార్చేసరికి అండ్లకు ఆమెనే పోలేకపోయింది. ఆ పిల్లను తీసుకొని నేను రెండుసార్లు పరీక్షల ఆఫీసుకు తిరిగిన. హాల్ టికెట్ చేతికొచ్చేసరికి పరీక్షకు రెండు రోజులే ఉన్నది.

రాయికల్ అమ్మాయిని అడిగిన, “నీకెట్ల తెలిసింది?” అని.

“అండ్ల ‘తక్షణమే’ అని ఉన్నది మేడం. మీరు ఎన్నడు గట్ల రాయరు. ‘టైముంటే చూడుండ్రి’ అని రాస్తరు. మా అమ్మకు చదువు రాదు. ఫోన్ల ఏ మెసేజ్ వచ్చినా నేనే చదివి చెప్తా. ఎవరు పంపిండ్రు, ఎందుకు పంపిండ్రు అని ప్రతిసారి అడుగుతది. గదే అలవాటయింది” అన్నది.

ఆ తల్లిని చూడాలనిపించింది. అంగడి నాడు రాయికల్ పోయిన. వాకిట్ల చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తున్నది. నన్ను చూసి లేవబోతే వద్దన్న. వేళ్లు ఆకు చుడుతనే ఉన్నయి. కథంతా ఇన్నది.

“దొంగ దొరికిండా మేడం?”

“లేదమ్మా.”

“మరి వానికి మీ పేరెట్ల ఎరుక? గీ పిల్లలకు మీరే చదువు చెప్తరని ఎవరు చెప్పిండ్రు?”

అడ్రసు చూసినం, షరతు చూసినం, ఈ ప్రశ్న మాత్రం నాకూ ల్యాబు చెల్లెకూ తట్టలే. తెల్లారి ల్యాబుల కూసొని నా పేరు పెట్టి ఇంటర్నెట్టుల వెతికినం. కాలేజీ వెబ్‌సైటుల ఒక జాబితా దొరికింది. అధ్యాపకుల పేర్లు, చెప్పే సబ్జెక్టులు, ఫోన్ నంబర్లు, మెయిళ్లు, పుట్టిన తేదీలు అన్నీ ఉన్నయి. ఎవ్వరైనా తెరిచి చూడొచ్చు. దాన్ని టైపు చేసింది నేనే. అచ్చుతప్పులు లేవని మెచ్చుకున్నరు కూడా. నా పాత పాస్‌వర్డు నా పేరు, నా పుట్టిన సంవత్సరం. వాడు నన్ను అడిగి కష్టపడ్డడు గానీ, ఆ జాబితా చూసి ఊహిస్తే సరిపోయేది.

ఆ సాయంత్రమే జాబితా తీసేయించినం. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, మీ అమ్మకు చెప్పు, మా పేర్ల జాబితా దొరికింది, తీసేసినం అని అన్న. అటు దిక్కు తల్లి గొంతు ఇనపడ్డది. “మరి గా కాయితం ఎవలన్న ముందే దాసుకొని ఉంటే?”

బస్సుకు బయలెల్లుతున్న కోరుట్ల చెల్లెను ఆపి అదే అడిగిన.

“దాసుకునే ఉంటరక్కా. తీసేసినం గానీ వాపస్ తెచ్చుకోలేం,” అన్నది సంచి కింద పెట్టుకుంట. “పాస్‌వర్డుల ఇంకెంత మంది పుట్టిన తేదీలు పెట్టుకున్నరో అడుగుదామా?”

స్టాఫ్‌రూంకు పోయి అందరిని అడిగినం. మొదట తల కిందికి దించింది ప్రిన్సిపాల్ సారే.