ఎడమ చక్రం చిన్నబాపుది, కుడి చక్రం మామది

ఇంటి ముందు కారు నిలబడితే చాలు, ఇంట్లోకి సుఖశాంతులు వాటంతట అవే నడిచి వస్తాయని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని కరీంనగర్‌లో ఒక కార్ల షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా కొత్తగా చేరాను. (పేరు చూసి భ్రమపడకండి. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు నవ్వు మొహంతో "ఒరిజినల్ పార్టే వేయించుకోండి సార్, బయటిది వేస్తే మా బాధ్యత కాదు" అని పొద్దస్తమానం చెప్పడమే ఆ ఉద్యోగం.) టక్ చేసిన చొక్కా, మెడలో ఐడీ కార్డు చూసి మెట్‌పల్లిలో మా వీధివాళ్ళు నన్ను ఇంజినీర్ అనుకునేవారు. మా ఇంట్లోవాళ్ళు మాత్రం ఏమీ అనుకునేవారు కాదు. కార్ల ప్రస్తావన వచ్చినప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, "నువ్వు ఊకో, పెద్దోళ్ళు మాట్లాడుతున్నరు" అనేవారు. కార్ల గురించి చదువుకున్నవాడు ఇంట్లో ఒకడు ఉండాలి, కానీ వాడు మాట్లాడకూడదు. మా ఇంటి పద్ధతి అది.

ఆ మాట్లాడే పెద్దవాళ్ళలో మొదటివాడు మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు. దుబాయ్‌లో ఏళ్ళ తరబడి ట్రైలర్ నడిపి, అక్కడినుంచి అత్తరు వాసననూ 'ఒరిజినల్' అనే మాటనూ వెంట తెచ్చుకున్నాడు. తలనొప్పి మాత్ర చేతిలో పెట్టినా "గిది ఒరిజినలేనా?" అని అడిగి గానీ మింగేవాడు కాదు. పుదీనా కట్టను కూడా అటూ ఇటూ తిప్పి చూసేవాడు, దాని మీద ఎక్కడైనా ముద్ర ఉంటుందేమోనని. ఆయన వచ్చిన ఏడాదే ఒక పాత తెల్లకారు కొని మా వాకిట్లో నిలబెట్టాడు. పదిమంది చేతులు మారి వచ్చిన బండి ఏ లెక్కన ఒరిజినల్ అవుతుందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రెండోవాడు మా మేనమామ, అంటే మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు తమ్ముడు. మందమర్రిలో కార్ల విడిభాగాల దుకాణం ఆయనది. కారు తయారుచేసిన కంపెనీవి కాకుండా, బయటి కంపెనీలు చేసిన సరుకు అమ్మేవాడు. "కంపెనోడు డబ్బ మీద పేరేసుకుంటే మనం కండ్లకద్దుకోవాల్నా? లోపలున్నది గదే ఇనుము, గదే రబ్బరు" అన్నది ఆయన సిద్ధాంతం. పిల్లలమంతా ఆయనను చాటుగా డూప్లికేట్ మామ అనేవాళ్ళం. ఎప్పుడైనా చెవిన పడితే కోపం తెచ్చుకోకుండా, "డూప్లికేట్ గాదుర, బయటి కంపెనీది" అని ఓపికగా సరిదిద్దేవాడు. ఈ ఇద్దరూ పెళ్ళిలో కలిసినా, చావులో కలిసినా పలకరింపులయ్యాక మాట తిన్నగా క్లచ్ ప్లేట్ల మీదికి పోయేది. బావా బామ్మర్దులు కాబట్టి ఎవరూ తప్పుపట్టేవారు కాదు, మధ్యలో ఆపేవారూ కాదు.

ఆ చలికాలం నాకు భైంసా నుంచి ఒక సంబంధం వచ్చింది. పత్తి వ్యాపారం చేసే ఇల్లు. అమ్మాయి డిగ్రీ చదివి అక్కడే ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. అవ్వకు ఫోటో నచ్చింది. నాకూ నచ్చింది గానీ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. అంతకుముందు వచ్చిన సంబంధాలు "పిలగాడు కార్లు కడుగుతడట గదా" అన్న గొప్ప విచారణతో వెనక్కి పోయి ఉన్నాయి. అందుకని ఈసారి కారులో దర్జాగా వెళ్ళాలని ఇల్లంతా తీర్మానించింది. ఒక్కటే చిక్కు. బ్రేకు తొక్కినప్పుడల్లా మా కారు కీచుమని అరిచేది. "గట్ల మొత్తుకునే బండేసుకొని పిల్లనడుగ పోతమార్రా? చూసినోళ్ళు ఏమనుకుంటరు?" అంది అవ్వ. కారు ఆగుతుందా లేదా అన్నది ఆమెకు రెండో విషయం.

అరుపుకు కారణం తేలికైనదే. ముందు చక్రాలను రెండు వైపుల నుంచీ నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి. కొత్తవి వేస్తే సరిపోతుంది. తీరా చూస్తే మా షోరూమ్‌లోనే ఆ పాత మోడల్‌వి లేవు. హైదరాబాద్ నుంచి రావాలన్నారు. (అదే మాట నేను రోజూ కస్టమర్లకు చెప్పేవాణ్ణి. నాకే చెబితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.) "ఫికర్ చెయ్యకు, ఒరిజినల్ యాడున్నా నేను పట్టుకొస్త" అన్నాడు చిన్నబాపు. "ఎందుకు బావ, నా దుకాణంల రాశులు వడి ఉన్నయి" అన్నాడు మామ. అక్కడినుంచి మాట బ్రేకుల మీద లేదు. పిలగాడి మీద చిన్నబాపుకు హక్కు ఎక్కువా, మేనమామకు ఎక్కువా అన్నదాని మీదికి పోయింది. ఇద్దరూ చాయ్ గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఏదేసినా రెండు చక్రాలకు ఒక్క తీరుదే వెయ్యాలె. లేకపోతే బ్రేకేసినప్పుడు బండి ఒక దిక్కు గుంజుతది" అన్నాను.

"నువ్వు ఊకో" అన్నారిద్దరూ. జీవితంలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అప్పుడే.

చివరికి మా బాపు తీర్పు చెప్పాడు. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు, కొంపలు ముంచడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు కదా. "ఎడమ చక్రం నీది, కుడి చక్రం నీది. ఎవలది వాళ్ళు ఏసుకోండ్రి. ఇగ లొల్లి బందు" అన్నాడు. పొలం గట్టు వేసినట్టు కారును నిలువునా పంచేశాడు. ఆ న్యాయానికి ఇద్దరూ సంతోషించారు. నేను కరీంనగర్‌లో ఎవరికో ఒరిజినల్ గొప్పదనం బోధిస్తున్న సమయంలో, మెట్‌పల్లిలో ఒకాయన ఎడమ వైపు, ఇంకొకాయన కుడి వైపు ప్యాడ్లు బిగించుకున్నారు. ఒకరు బిగిస్తున్నప్పుడు రెండోవారు తొంగిచూడకూడదని ఒప్పందం కూడా చేసుకున్నారట.

పెళ్ళిచూపుల రోజు కారు నేనే నడిపాను. పక్కన చిన్నబాపు, వెనక అవ్వ, బాపు, మామ. ఆర్మూర్ దాటకముందే నాకు విషయం అర్థమైంది. బ్రేకు మెల్లగా నొక్కితే ఫర్వాలేదు. కాస్త గట్టిగా నొక్కితే చాలు, కారు కుడివైపుకు, అంటే ఎదురొచ్చే లారీల వైపుకు ఆప్యాయంగా తిరుగుతోంది. "గుంజుతున్నది" అన్నాను. "అటు దిక్కు డూప్లికేట్ ఉన్నది గదా మరి" అన్నాడు చిన్నబాపు. "గుంజుతున్నదంటే పట్టుతున్నదన్నట్టు. నీ ఎడమదే జారవడుతుంది బావ" అన్నాడు వెనక నుంచి మామ. "శుభమాని పోతున్నం, మంచి మాటలు మాట్లాడుకోండ్రి" అంది అవ్వ. సోన్ దగ్గర గోదావరి బ్రిడ్జి మీద నేను ఎద్దులబండి వేగంతో పోతుంటే, వెనకున్న బస్సు డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. నిర్మల్ దాటి భైంసా చేరేసరికి స్టీరింగ్‌ను ఎడమకు లాగి లాగి నా భుజాలు పడిపోయాయి.

పిల్ల ఇంటి గేటు తెరిచే ఉంది. లోపలికి తిప్పాను. విశాలమైన వాకిలి, కుడి పక్కన మనిషెత్తుకు పైగా పోసిన పత్తి రాశి. పిల్ల తండ్రి మమ్మల్ని చూడగానే గబగబా నడిచివచ్చి, రెండు చేతులూ జోడించి, కారుకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. (మర్యాద తెలిసిన మనిషి. మా చక్రాల పంపకం సంగతి ఆయనకు తెలియదు.) ఇక మెల్లగా నొక్కే వ్యవధి ఎక్కడిది? ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. కారు టక్కున కుడికి తిరిగి పత్తిలోకి దూరిపోయింది. అద్దాల నిండా తెలుపు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చేతులు జోడించే ఉన్నాయి, ఎదురుగా మాత్రం ఎవరూ లేరు. ఇంట్లోంచి ముసలావిడ ఒకరు "అరె దేవా, కాయ్ ఝాలం!" అంటూ, ఏమైందో చూద్దామని మరాఠీలో మొరపెట్టుకుంటూ బయటికి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎడమ తలుపుల్లోంచి ఒక్కొక్కరమే దిగాం. కిటికీలోంచి పడ్డ దూదితో అవ్వకు నిలబడ్డపాటున జుట్టంతా నెరిసిపోయింది.

మరెవరైనా అయితే సిగ్గుతో తలవంచుకునేవారు. మా పెద్దవాళ్ళు అలాంటి బలహీనులు కారు. "చూసినవా బామ్మర్ది, నీ డూప్లికేట్ ఎంత పని చేసిందో!" అని చిన్నబాపు, "నీ ఒరిజినల్ పట్టకపోతే నాదేం జేస్తది?" అని మామ, పరాయివాళ్ళ వాకిట్లో పత్తి తొక్కుతూ మొదలుపెట్టారు. పిల్ల తండ్రి "లోపలికి రాండ్రి, చాయ్ తాగుదురు" అని పిలుస్తూనే ఉన్నాడు. వింటేగా! ఈ సంబంధం కూడా పోయిందని నాకు ఖాయమైపోయింది. ఖాయమయ్యాక ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చొక్కా చేతులు మడిచి, "జాకీ ఉన్నదా?" అని ఆయనను అడిగాను. అత్తవారింట్లో కాబోయే అల్లుడు పలికిన తొలి పలుకు అది.

కారును అందరం కలిసి వెనక్కి నెట్టాం. కొత్త చొక్కాతోనే నేల మీద కూర్చుని కుడి చక్రం విప్పాను. మామ "గిప్పుడెందుకురా, ఇంటికి పోయినంక చూద్దాం" అన్నాడు. ఎడమ చక్రం దగ్గరికి రాగానే చిన్నబాపు కూడా అదే మాట అన్నాడు. రెండు చక్రాల ప్యాడ్లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టాను. రోజూ చూసే సరుకే కదా, గుర్తుపట్టడానికి నిమిషం పట్టలేదు. మామ వేసిన కుడివైపు ప్యాడ్ మీద కారు కంపెనీ ముద్ర నిగనిగలాడుతోంది. అచ్చమైన ఒరిజినల్. చిన్నబాపు వేసిన ఎడమవైపు దాని మీద కుందేలు బొమ్మ ఉంది. (ఆగడానికి వాడే వస్తువు మీద కుందేలును ఎందుకు వేశారో ఆ బయటి కంపెనీవాళ్ళనే అడగాలి.) మామ దుకాణంలో గుట్టలుగా ఉండేది ఆ కుందేలు సరుకే.

ముందు మామే నోరు విప్పాడు, నా వైపు కాదు, అవ్వ వైపు చూస్తూ. "దుకాణం దుకాణమే అక్కా. కారుల నువ్వు కూసుంటవు గదా. పోరడు పిల్లను చూడవోతుండు. మనసొప్పలే. మంచిర్యాలకు పోయి కంపెనీదే తెచ్చిన." అవ్వ కొంగుతో తల మీది దూదిని తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకుంది.

చిన్నబాపు కుందేలును చూస్తూ నిలబడ్డాడు. అంత పెద్దమనిషి మొహం అంత చిన్నదవడం నేను అంతకుముందు చూడలేదు. "దొరకలే బామ్మర్ది" అన్నాడు. "జగిత్యాల తిరిగిన, కరీంనగర్ తిరిగిన. యాడ దొరకలే. దొరకలేదంటే నువ్వు మందమర్రంత చాటింపేస్తవని గిదే ఏసిన."

మామ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన వంగి, కుందేలు ప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని, "మంచి మాలే తెచ్చినవ్ బావ. గిది గంత ఖరాబుదేం గాదు" అన్నాడు. "ఏ లేదు బామ్మర్ది, నువ్వు తెచ్చిందే మేలు. ఎట్ల పట్టింది చూడు, బండిని మలిపేసింది" అన్నాడు చిన్నబాపు. "నీదే మంచిది." "కాదు, నీదే." మళ్ళీ గొంతులు లేచాయి. ఈసారి ఒకరి సరుకును ఒకరు ఆకాశానికెత్తుతూ. పిల్ల తండ్రి ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి లోపలికి తీసుకుపోయాడు. పత్తి బేరాల్లో ఎందరిని చూశాడో, ఆయనకు అలవాటే అనిపించింది.

ప్యాడ్లు జతలుగా అమ్ముతారు కాబట్టి, మామ తెచ్చినవాటిలో రెండో చక్రానివి మిగిలి, ఆయన సంచిలోనే ఉన్నాయి. వాటిని తీసి ఎడమ చక్రానికి బిగించాను. పని అయిపోయి లేచేసరికి, చేతిలో నీళ్ళ చెంబు, సబ్బుతో ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఫోటోలోకంటే బాగుంది. నేను ఫోటోలోకంటే ఎలా ఉన్నానో మీరే ఊహించుకోండి. చేతుల మీద నీళ్ళు పోస్తూ, "రెండు దిక్కుల రెండు తీర్లవి ఏస్తే గుంజుతదని మీకు ముందుగాల తెల్వదా?" అని అడిగింది.

"తెలుసు. చెప్పిన. ఇనలే."

"ఎంత గట్టిగ చెప్పిండ్రు?"

కాస్త ఆలోచించాను. "ఇప్పుడు మీతోని మాట్లాడుతున్నంత."

ఆమె నవ్వింది. "గంత మెల్లగ చెప్తే ఎవలకు ఇనవడ్తది? ఏదీ, నాకు చెప్పుండ్రి. గట్టిగ."

చెప్పాను. పెళ్ళిచూపుల్లో మగవాళ్ళు ఇష్టమైన వంటకాల గురించో, చూడాలనుకునే ఊళ్ళ గురించో అడుగుతారట. నేను బ్రేకుల పట్టు గురించి, రాపిడి గురించి, వేడెక్కడం గురించి, ఒరిజినల్ ఎప్పుడు తప్పనిసరో, బయటిది ఎక్కడ సరిపోతుందో మొత్తం చెప్పాను. వైపర్లకు, కారులో కాళ్ళకింద వేసే చాపలకు బయటివి చాలునన్నాను. బ్రేకులకు, స్టీరింగ్‌కు మాత్రం వద్దన్నాను. బడిలో పాఠం వింటున్నట్టు విన్నది. నడుమ రెండు ప్రశ్నలు కూడా అడిగింది, రెండూ మంచి ప్రశ్నలే. లోపలినుంచి అవ్వ పిలిచేదాకా ఇద్దరం పత్తి పక్కనే నిలబడి ఉన్నాం.

నాలుగు రోజులకు భైంసా నుంచి ఫోన్ వచ్చింది, పిల్లకు ఇష్టమేనని. చిన్నబాపు తన కారు వల్లే కుదిరిందన్నాడు. మామ తన ప్యాడ్ల వల్లేనన్నాడు.

ఇప్పుడు నిర్మల్‌లో నాకు సొంత షెడ్డు ఉంది. ఆ అమ్మాయి పక్క బడిలో లెక్కలు చెబుతూ, ఇంట్లో నా లెక్కలు సరిచేస్తూ ఉంది. నేనిప్పుడు గట్టిగానే మాట్లాడతాను, జనం వింటారు కూడా. విన్నందుకు చార్జీ తీసుకుంటాను కాబట్టి వినక తప్పదు. అయినా ఆ రోజు సాయంత్రం తిరుగుదారిలో కారు నడిపిన ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. చొక్కా మీద గ్రీజు, చెవి వెనక దూది, వెనక సీట్లో గురకపెడుతున్న మామ. ఒక్క మనిషి తన మాటను చివరిదాకా విన్నదన్న సంతోషంలో, నిర్మల్ వైపు మలుపు దాటి ఎటో వెళ్ళిపోయాడు పాపం, తప్పిపోయిన సంగతి కూడా చాలాసేపు గమనించుకోలేదు.