కుడి చేతి మీద గీతలు

మా మనవరాలు మామిడిపండు తినేటప్పుడు చొక్కా చేతులు పైకి మడుచుకోలేదు. నా అనుమానం అక్కడ మొదలైంది. రసం కారి పొడుగు చేతుల అంచులు తడిసిపోతున్నా ఆమె అలాగే తింటూ కూర్చుంది.

ఆమెది విమానంలో పని. ప్రయాణికుల బెల్టులు సరిచూడటం, భోజనం పెట్టడం, దిగేవరకూ కనిపెట్టుకుని ఉండటం. చేరి నాలుగు నెలలైంది. బెంగళూరు విమానాశ్రయం దగ్గర మరో ఇద్దరు అమ్మాయిలతో గదిలో ఉంటుంది. సెలవు దొరికితే రైల్లో కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు, మా ఇంటికి వస్తుంది.

చేతులు కడుక్కునేటప్పుడు చూశాను. కుడి ముంజేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, అడ్డంగా ఒక కాలిన గీత. దాని మీద పూసిన రంగు క్రీము నీళ్లకు కరిగిపోతోంది.

"యాడ కాలిందమ్మా?"

"ఇస్త్రీ పెట్టె తగిలింది తాతా. చిన్నదే లే."

గనిలో ఇరవై ఏడేళ్లు నేను ప్రమాదాల రిజిస్టరు రాశాను. తేదీ, గాయం, ఎక్కడ, ఎలా, సాక్షి ఎవరు అని ఐదు గడులు. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా డైరీలో అదే వరసలో రాసుకుంటాను. ఆ రోజు 'ఎలా' అన్న గడి ఖాళీగా వదిలేశాను. కుడిచేతి వాటం మనిషి ఇస్త్రీ చేస్తే కాలేది ఎడమ చేయి.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మొదటి గీత పక్కనే రెండోది, అంతే సన్నగా. మళ్లీ ఇస్త్రీ పెట్టే అంది. ఇస్త్రీ పెట్టె దారమంత గీత గీయదు. ఇది ఎవరో పెట్టిన వాత అనిపించింది. గదిలోని అమ్మాయిలా? ఎవడైనా అబ్బాయా? ఆమె స్నానానికి వెళ్లినప్పుడు సంచీ తెరిచాను. మా ఆవిడ చూడనే చూసింది.

"గని మూసి ఇన్నేండ్లాయె, నీ సోదా మాత్రం మూతపడలేదే! ఏమి, బిడ్డ సంచీలో బంగారం దొరికిందా?"

"కాలిన పుండ్ల మందు ఉండాది. సగం అయిపోయింది."

ఆమె ఇక నవ్వలేదు.

సాయంత్రం మనవరాలు వరండాలో ఫోను మాట్లాడుతుంటే కిటికీ పక్కన నిలబడ్డాను. "లేదు మ్యామ్, రిపోర్టు చేయలేదు. ఎవరికీ చెప్పను మ్యామ్" అంటోంది. ఇక ఆగలేక బయటికి వచ్చాను.

"ఎవరమ్మా నిన్ను కాలుస్తా ఉండేది?"

తెల్లబోయి చూసింది. తరువాత నవ్వింది. "ఎవరూ కాల్చలేదు తాతా! ఓవెన్ అది." నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గోడ అల్మారా ముందు నిలబడి అరలోకి చెయ్యి పెట్టింది. "విమానంలో ఓవెన్ ఇట్లే, ఇరుకు గూడు మాదిరి ఉంటాది. భోజనం డబ్బాలు ఎనక దాకా పేర్చింటారు. లోపలివి తియ్యాలంటే చెయ్యి ఇంత దూరం పోవాల."

మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. మళ్లీ పెట్టి చూపించమన్నాను. పై అర అంచు మణికట్టుకు సరిగ్గా నాలుగు వేళ్ల పైన తగిలింది.

"మరి ఇస్త్రీ పెట్టె అని ఎందుకు చెప్పినావు?"

"నిజం చెప్తే రిపోర్టు రాయమంటావు. రాస్తే డాక్టరు చూసిందాకా ఫ్లైట్ ఎక్కనియ్యరు. నాకు ఇంగా ప్రొబేషన్ అయిపోలేదు. రాస్తే ఉద్యోగం పోతాది, రంగు పూసుకో చాలు అని మా సీనియర్ మేడమే చెప్పింది."

ఆమెను ఎవరో హింసిస్తున్నారన్న అనుమానం పోయింది. ఆ మేడం ఎవరి మేలు కోరి ఆ మాట చెప్పిందన్న అనుమానం పట్టుకుంది.

అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పాను. గనిలో రాయి తొలిచే పనివాడొకడు వేలు నలిగి నా దగ్గరికి వచ్చాడు. "రాయొద్దప్పా, రాస్తే గని బయట పనికి మార్చేస్తారు, కూలి తగ్గిపోతాది" అని బతిమాలితే రాయలేదు. వేలు చీముపట్టి తీసేయాల్సి వచ్చింది. పరిహారం అడిగితే రిజిస్టరు తెమ్మన్నారు. తీసుకెళ్లింది నేనే. ఆ తేదీన అతని పేరు లేదు.

"రాస్తే ఉద్యోగం పోదా తాతా?"

"పోవచ్చు. నేనేం చెప్పగలను? మీకు చేతి తొడుగులు ఇయ్యరా?"

"ఇస్తారు. మణికట్టు దాకే వస్తాయి."

"అది కూడా రాయి."

ఫోనులోనే ఫారం తెరిచి చాలాసేపు టైపు చేసింది. ఒక చోట ఆగింది. "సాక్షి ఎవరని అడుగుతా ఉండాది తాతా."

"కాలినప్పుడు పక్కన ఎవరుండారు?"

"ఆ మేడమే."

ఆమె ఆ పేరు రాసి పంపింది.

పన్నెండు రోజులు విమానం ఎక్కనివ్వలేదు. ఆ రోజులన్నీ మా ఇంట్లోనే ఉంది. ఫోను మోగినప్పుడల్లా ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పదమూడో రోజు డ్యూటీకి పిలిచారు. మోచేతి దాకా వచ్చే తొడుగులు తెప్పిస్తామన్నారట. తెప్పించేదాకా నేను నమ్మను.

మొన్న వచ్చినప్పుడు పొట్టి చేతుల చొక్కాలో వచ్చింది. నేను అడగకముందే గడపలో నిలబడి రెండు చేతులూ చాచింది.

"సోదా చేసుకో తాతా."

కళ్లజోడు తెచ్చుకుని చూశాను. కొత్త గీతలు లేవు. చేతులు తిప్పించి వెనక వైపు కూడా చూశాను.