అంచులమ్మ కూతురి నడక

ఆ కుట్టుమిషన్ల గదిలో ఆమెను అందరూ అంచులమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. పదకొండేళ్ళుగా ఆమె పని ఒక్కటే, బడిపిల్లల యూనిఫాం గౌన్లకు అడుగు అంచు మడిచి కుట్టడం. కాలర్లు కుట్టేవాళ్ళు వేరు, జేబులు కుట్టేవాళ్ళు వేరు, గుండీలు కుట్టే అక్క వేరు. అందరి చేతులూ దాటుకుని బట్ట చివరికి ఈమె మిషన్ మీదికి వచ్చేది. అంచు పడితేనే బట్టకు బట్ట రూపం వస్తుందని ఆమె నమ్మకం. అందులో కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనివ్వండి, పదకొండేళ్ళు నడుము వంచిన మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే ఎవరి సొమ్మేం పోయింది?

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు కూతురు పుట్టింది. లిఫ్టులు బాగుచేసే మొగుడు పిల్లకు ఉడుత అని ముద్దుపేరు పెట్టాడు. పిల్ల పుట్టింది మొదలు అంచులమ్మకు దిగుళ్ళకు కరువు లేకపోయింది. పిల్ల ఎక్కువ సేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. నిద్రపోకపోతే ఎందుకు పోవడం లేదని కూర్చునేది. ఎక్కిళ్ళు వస్తే ఒక దిగులు, ఆగిపోతే అవి ఎందుకు ఆగాయని ఇంకో దిగులు. "నువ్వు పిల్లని పెంచుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అని మొగుడు నవ్వేవాడు. అతనిదేం పోయింది, పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ చిల్లర దిగుళ్ళన్నీ వచ్చినట్టే వచ్చి పోయాయి. పద్నాలుగో నెలలో వచ్చింది మాత్రం పోలేదు. ఉడుత నడవడం లేదు.

మంచం పట్టీ పట్టుకుని లేచేది. లేచి, ఇంత మొహం చేసుకుని నలుగురినీ చూసేది. ఒక కాలు ఎత్తేది. అంతే, ఎవరో వెనక్కి లాగినట్టు చతికిలబడేది. మొదట్లో రోజుకు పదిసార్లు లేచేది. తర్వాత నాలుగైదుసార్లకు దిగింది. ఈమధ్య లేవడమే మానేసి, ఎక్కడికైనా కూర్చునే జరుగుతోంది. పడ్డ ప్రతిసారీ అంచులమ్మ చేతిలో ఏముంటే అది వదిలేసి పరుగెత్తి ఎత్తుకునేది. ఎత్తుకుని ఆ చిన్న కాళ్ళను వెలుతురులో అటు తిప్పి ఇటు తిప్పి చూసేది.

అడగకపోయినా అందరూ తలో మాటా అన్నారు. పక్కింటావిడ మనవడు ఉడుత కన్నా మూడు వారాలు చిన్న, వాడు అప్పటికే మెట్లు ఎక్కేస్తున్నాడు. ఆవిడ రోజూ వాణ్ణి తీసుకొచ్చి, "మీది ఇంకా నడవడం లేదా?" అని ఎంతో జాలిగా అడిగేది. ఆ జాలి చూస్తే ఒళ్ళు మండేది. అత్తగారు మాత్రం, "నీ మొగుడు ఏడాదిన్నర దాకా నడవలేదే అమ్మాయ్. నడిచాక మాత్రం ఏం ఉద్ధరించాడు?" అని కొట్టిపారేసేది.

అంచులమ్మ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ఎనిమిదో నెల నిండేదాకా ఆమె మిషన్ తొక్కింది. బళ్ళు తెరిచే ముందు రోజులవి, వద్దన్నా పని ఆగేది కాదు. ఆ మిషన్ అదురు బల్లలోంచి తనలోకి, తనలోంచి లోపలి పిల్ల కాళ్ళలోకి పాకిందేమో. ఈ ఆలోచన వచ్చిన రోజున ఆమెకు ముద్ద దిగలేదు. డాక్టరు దగ్గర గురువారానికి చీటీ రాయించుకుంది. గురువారం ఎప్పుడు వస్తుందా అని ఒకపక్క, రాకుండా ఉంటే బాగుండునని ఇంకోపక్క. డాక్టరు ఏం చెబుతాడో అన్న భయం అలాంటిది.

సోమవారం అత్తగారికి పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. పిల్లను చూసుకునే దిక్కు లేక అంచులమ్మ ఉడుతను చంకన వేసుకుని పనికి వచ్చింది. గుండీల అక్క కత్తిరింపు ముక్కల గుట్ట పక్కన దుప్పటి పరిచింది. పిల్ల కాసేపు ముక్కలు విసిరింది, కాసేపు నోట్లో పెట్టుకోబోయింది, తర్వాత కటింగ్ బల్ల కోడు పట్టుకుని నెమ్మదిగా లేచింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఉడుత కాలు ఎత్తింది. చతికిలబడింది.

"అయ్యో తల్లీ" అన్నారు ఇద్దరు ముగ్గురు. అంచులమ్మ అప్పటికే పరుగెత్తి పిల్లను ఎత్తేసుకుంది.

బల్ల వెనక కటింగ్ మాస్టారు కత్తెర దించి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆయనకు మాటల్లోనే పొదుపు, తిట్లలో కాదు.

"దించు."

"పడిపోతోంది మాస్టారూ. కాళ్ళలో బలం లేదేమోనని గురువారం డాక్టరుకి చూపిస్తున్నాం."

"దించమన్నాను కదమ్మా."

దించింది. పిల్ల కోడు పట్టుకుని మళ్ళీ లేచింది. మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. యజమాని వచ్చినా కుర్చీలోంచి లేవని మనిషి అలా నేల మీద కూర్చోవడం ఆ గదిలో ఎవరూ చూడలేదు. ఆయన పిల్ల కాళ్ళవైపు చూడలేదు. గౌను అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇదెవరు కుట్టారు?"

"నేనే."

"ఎంత వదిలావు?"

"నాలుగు అంగుళాలు. పెరిగే పిల్ల కదా అని."

"మన యూనిఫాంలకీ వదుల్తాం. లోపలికి మడుస్తాం. దీనికి మడత ఏది?"

"మడత పెడితే కుట్టు పిల్ల కాళ్ళకి ఒరుసుకుంటుందేమోనని..." అంచులమ్మ మాట అక్కడే సన్నబడిపోయింది.

"ఒరుసుకోకుండా బాగానే కాపాడావు. అంచు మీద కాలేసి నిలబడుతోంది. రెండో కాలు ఎత్తగానే అదే వెనక్కి లాగి కూర్చోబెడుతోంది. ఇంట్లో ఎన్ని కుట్టావు ఇలాంటివి?"

"ఎనిమిది."

ఎనిమిదీ ఒకటే పొడవు. మిగిలిన మెత్తటి ముక్కలు ఏరుకొచ్చి, ఆదివారాలు కూర్చుని, పిల్లకు రెండేళ్ళదాకా లోటు ఉండకూడదని ముందే కుట్టి పెట్టుకుంది. అందరూ పిల్ల పడటం చూశారు. ఆ తర్వాత అందరూ కాళ్ళే చూశారు. రోజుకు రెండు వందల అంచులు కుట్టే మనిషి కూడా కాళ్ళే చూసింది.

"గౌను తియ్యి" అన్నాడు మాస్టారు.

లోపలి చొక్కా, లాగుతో ఉడుత కోడు పట్టుకుని నిలబడింది. కాలు ఎత్తింది. ఎత్తి, పడటానికి సిద్ధంగా ఉన్నట్టు కాసేపు ఆగింది. ఎవరూ లాగలేదు. ఆ కాలు ముందుకు వేసింది. ఇంకోటి వేసింది. కోడు వదిలేసింది. గుట్టలో ఎర్రముక్క ఏదో కనపడినట్టుంది, దాని కోసం చేతులు చాపుకుని, తూలుకుంటూ వెళ్ళింది. గుండీల అక్క వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. ఏడు అడుగులు.

అంచులమ్మ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. రెండు నెలలుగా తన పిల్ల కాళ్ళను తనే అనుమానించింది. పాపం ఆ కాళ్ళు మాత్రం తను కుట్టిన గౌనుతో రోజూ పోట్లాడి ఓడిపోతూ వచ్చాయి.

"నా చేతులతో నేనే కట్టేశాను మాస్టారూ" అంది.

"కన్నవాళ్ళు కుడితే అంతే. మా పెద్దాడికి నేను కుట్టిన మొదటి చొక్కాలో వాడి చేతులు ఎక్కడున్నాయో మూడేళ్ళు కనపడలేదు." మాస్టారు బల్ల పట్టుకుని లేచి మళ్ళీ కత్తెర అందుకున్నాడు. "వెళ్ళి మొహం కడుక్కో. ఆ కన్నీళ్ళు తెల్ల తానుమీద పడితే ఉతికేది నువ్వే."

ఆ సాయంత్రమే ఎనిమిది గౌన్లూ ముందేసుకుని మోకాలి పైకి కత్తిరించింది. బుగ్గ వాచిన అత్తగారు దూది అదిమి పట్టుకుని, "ఆరు నెలల్లో పొట్టివైపోవూ?" అంది.

"పోనీండి అత్తయ్యా. అప్పుడు మళ్ళీ కుడతాను."

అయినా గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన మోకాళ్ళు వంచి చూశాడు, పాదాలు నొక్కాడు, గదిలో అటూ ఇటూ నడిపించాడు. ఏ లోపమూ లేదన్నాడు. అంచులమ్మ లేవలేదు. మొగుడికి కూడా చెప్పని మాట అతని ఎదుటే అడిగేసింది. "ఎనిమిదో నెలదాకా మిషన్ తొక్కానండీ. ఆ అదురు పిల్లకి ఏమైనా..."

"దానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా" అన్నాడు డాక్టరు. "ఒక్కటే చెబుతాను. పడగానే పరుగెత్తి ఎత్తుకోకండి. తనే లేస్తుంది."

మొగుడు తిరుగుదారి పొడుగునా ఆమె చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక పొట్టి గౌనులో ఉడుత వంటగది నుంచి ముందుగదిలోకి బయల్దేరింది. సగం దారిలో, ఏ కారణమూ లేకుండా, ధబ్బున పడింది. అంచులమ్మ లేచింది. డాక్టరు మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టి గట్టిగా అదుముకుంది. పదహారు నెలల్లో ఇంత కష్టమైన పని ఆమె చేయలేదు. పిల్ల తలెత్తి, ఏడవాలా వద్దా అన్నట్టు తల్లి మొహం చూసింది. చాలాసేపు చూసింది. అమ్మ రావడం లేదు. ఉడుత అరచేతులు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, ఒక్కో కాలూ సరిచేసుకుని లేచి, ఇటు తిరిగి చూడకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయింది.