బెల్టు మీది చుట్టరాళ్ళు

అంకాలమ్మ పుట్టిన పల్లెపాళెం ఉన్నచోటే ఇప్పుడు కరెంటు ఫ్యాక్టరీ ఉంది. పల్లెను ఖాళీ చేయించినప్పుడు లోపలెక్కడో కాలనీ కట్టించి, ఇంటికొక ఉద్యోగమిచ్చారు. వాళ్ళింట్లో అది ఆమెకొచ్చింది. మానేస్తే ఆ ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వరని కాగితంలో రాసుంది. అందుకే పదకొండేళ్ళుగా రేకుల షెడ్డులో, కదిలే బెల్టు పక్కన నిలబడే ఉంది. పొగను కడగడానికి తమిళనాడు నుంచి తడ మీదుగా లారీల్లో వచ్చే సున్నపురాయి ఆ బెల్టు మీదుగా మరలోకి పోతుంది. అందులోని ఇనుప ముక్కలూ వేళ్ళూ ఏరి పారెయ్యడం ఆమె పని. గోడ అవతలే సముద్రం. బెల్టు మోతలో దాని చప్పుడు వినపడదు.

ఒకనాడు పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న రాయొకటి కనిపిస్తే, చెయ్యి దానంతటదే పోయింది. ఆ తర్వాత అలాంటివి వస్తూనే ఉన్నాయి. గేటు దగ్గర సంచులు వెతుకుతారు కాబట్టి, నలభై దాకా షెడ్డు వెనక ఇసుకలోనే పేర్చుకుంది.

నమూనాల కోసం వచ్చే ల్యాబు అమ్మాయి భానుప్రియ వాటిని చూసి ఇసుకలోనే కూర్చుండిపోయింది.

"ఇవి కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికినవక్కా. పెరిగేకొద్దీ కొత్త గది కట్టుకొని, వెనకది మూసేసుకునేవి."

"అంటే ఎనక్కి పొయ్యేదానికి లేదు," అంది అంకాలమ్మ. "మా మాదిరే."

కొత్తగా వచ్చిన మేనేజరు మధుబాబు కంట ఆ రాళ్ళు పడ్డాయి.

"ఇది కంపెనీ సరుకు. నీ చేత్తోనే బెల్టు మీద వెయ్యి."

"పనికిరాని రాళ్ళే గదా సార్. ఈడ్నే ఉండనీండి."

"వేస్తావా, దొంగతనమని రాయమంటావా?"

ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్కొక్కటే తెచ్చి వెయ్యసాగింది. సగమయ్యాయి. ఏం చేస్తున్నదీ తెలియకుండానే పక్కనున్న, ప్రమాదమప్పుడు బెల్టు ఆపే తాడు లాగేసింది. బెల్టు ఆగిపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి, షెడ్డులో నిలబడి అలల మోత విన్నది.

మధుబాబు పరుగెత్తుకొచ్చాడు. తప్పు చేశానని రాసిమ్మని కాగితం పెట్టాడు. మోత ఆగిందని వచ్చిన భానుప్రియ అడ్డుపడి, నమూనాగా ఒక్క రాయికి గేటుపాసు సంపాదించగలిగింది.

"ఏది కావాలక్కా?"

అంకాలమ్మ చాలాసేపు చూసి, అన్నిటికన్నా చిన్నది తీసుకుంది. కాగితం మీద సంతకం పెట్టింది. మిగిలినవి తనే బెల్టు మీద వేసింది.

ఇంటికొచ్చాక భర్త పెంచలయ్య ఆ రాయిని తిప్పి తిప్పి చూశాడు.

"దీన్ని తెచ్చేదానికా అంత రచ్చ చేసినావు?"

"ఊఁ," అని, దాన్ని తీసుకొని బియ్యం డబ్బాలో దాచింది.

బెల్టు మీద చుట్టరాళ్ళు ఇప్పటికీ వస్తుంటాయి. అంకాలమ్మ చెయ్యి చాపదు. ఒక్కోటి ఎదురుగా వచ్చి, దాటి, మర నోట్లో పడేదాకా చూస్తుంది. ఆలోగా ఇంకో వేరు వస్తుంది, ఏరి పారేస్తుంది.