తెగ వేరు, కోట వేరు

ఈ రోజు దక్షిణాఫ్రికాలోని చాట్స్‌వర్త్‌లో నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఒక చిన్న సంగతి జరిగింది. అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

లిండివే అనే జులూ అమ్మాయి మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న కథ రాసింది. అందులో కొండమీద ఒక తెగ, లోయలో కోట కట్టుకున్న ఒక ప్రభువంశం. రెండూ ఒకటేగా, కలిపెయ్యమని ఎర్రసిరాతో రాసిచ్చాను. ఆ పిల్ల తిన్నగా స్టాఫ్ రూముకి వచ్చేసింది.

"ఒకటి కాదు సార్. కోట కాలిపోతే ఆ వంశం పని అయిపోయినట్టే. తెగ అలా కాదు. ఎన్నికల ముందు గొడవల్లో మా ఇల్లు తగలబెట్టారు. పారిపోయి వేరే ఊరు చేరాం. అక్కడ ఒక ముసలామె మా తెగ పేరు అడిగింది. చెప్పగానే, మీరు మా పిల్లలేనంటూ చాప వేసి అన్నం పెట్టింది. అంతకుముందు ఆమెను మేం చూడనే లేదు."

ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ, మా సీనియర్ టీచర్ మునెమ్మ ఆంటీ పక్కనే కూర్చుని వింటోంది. పిల్ల వెళ్ళాక మెల్లగా అంది:

"మాకు తాత పేరే సర్‌నేమ్ అయిపోయినాది బాబూ, చెరుకు తోటల్లో కూలికొచ్చి ఆయన ఓడ దిగినప్పుడు అట్టా రాసేసినారు. గోత్రం ఏందో తెలవదు. తెల్లోళ్ళ గవర్నమెంట్ మా ఇల్లు పడగొట్టి ఇక్కడికి తోలేసినాది. ఎవురూ చాప ఎయ్యలేదు."

నా గోత్రం నాకు తెలుసు. కానీ గోత్రం అడిగి సంబంధం వద్దన్నవాళ్ళను చూశాను గానీ, గోత్రం అడిగి అన్నం పెట్టినవాళ్ళను ఇంతవరకూ చూడలేదు. మీరెవరైనా చూశారా?